కృష్ణా గోదావరుల నడుమ దాచిన ధనము

పొదుపు సుగుణమనియు, వ్యయము దుర్గుణమనియు బోధించు నీతి ఒక గృహస్థునకు చాలునేమో కాని, ఒక సీమయొక్క ఆర్థికస్థితిని గ్రహింపదలచినవానికి చాలదు. ఏలయన, ఒకని వ్యయమే మఱియొకని రాబడి యగుచుండును. ఈ విషయము కృష్ణా గోదావరీ డెల్టాల చరిత్రయందు విస్పష్టముగ గోచరించును.

1832-33 నాటి నందన నామ సంవత్సరపు క్షామము గుంటూరు సీమను పాడుపెట్టిన కాలమున, దాచుకొనుటకు రైతునొద్ద గింజయే లేకుండెను. 1847లో సర్ ఆర్థర్ కాటను ధవళేశ్వరమున ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికిని, బెజవాడయొద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట 1855 నాటికిని ముగియగా, తిండికిని శిస్తునకును పోగా మిగులు ననునది మొట్టమొదటిసారిగ సామాన్య కాపు గృహమున ప్రవేశించెను. మిగులు కలిగిన పిదప దానినేమి చేయవలెనన్న ప్రశ్నయు వెంటనే పుట్టెను.

మొదటి సమాధానము గాదె. పేడతో అలికి, పైకప్పు వేసి, అడుగున చేయిపట్టునంత కన్నమునుంచి దానిని గట్టిగ బిగించి, కలిగిన రైతు కోతలనాటి ధరకు అమ్మక, పాతబియ్యమునకు గిరాకి హెచ్చు శ్రావణ భాద్రపదములదాక ఓపికపట్టెడివాడు. ఆ నెలలలోనే కూలివానియింట గింజ నిండుకొనెడిది. అతడు అదే గాదెనుండి నాగుకు ధాన్యము తెచ్చుకొని, కోతలనాడు వడ్డీధాన్యముతోకూడ కొలిచి యిచ్చెడివాడు. ఒకని పొదుపు మఱియొకని అప్పుగా మాఱుటకు ఊరు దాటవలసిన పనిలేదు. కాని ఆ అప్పు తినుటకే సరిపోయెను గాని పెట్టుబడిగా మాఱలేదు.

రెండవ సమాధానము బంగారము. కాసులపేరులును, వడ్డాణములును, కంటెలును ఆడుబిడ్డల మెడలను నడుములను అలంకరించుటయేగాక, పంట పోయిననాడు తాకట్టునకు అక్కఱకు వచ్చెడివి. ఇండియా ఆఫీసులో కొంతకాలము పనిచేసిన జాన్ మేనార్డ్ కీన్సు 1913లో భారతదేశపు నాణెమునుగూర్చి వ్రాసిన గ్రంథమున, ఈ దేశస్థులు బంగారమును కూడబెట్టు అలవాటును తప్పుపట్టెను. ఆ విమర్శలో నిజము కలదు; కాని అంతకు ఏడేండ్లముందు, 1906 అక్టోబరులో, మద్రాసున మహాప్రతిష్ఠగల ఆర్బుత్‌నాట్ కంపెనీ దివాలాతీసి వేలమంది దాచుకొన్న సొమ్మును ముంచివేసినది. దొరల కొట్లను నమ్మక కాసులపేరును నమ్మిన ఇల్లాలిని అవివేకియనుటకు నాకు నోరురాదు.

ఆ అపనమ్మకమును తొలగించుటకు మనవారి సంస్థ కావలసివచ్చెను. 1923 నవంబరు 20న భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించిరి; చెల్లించిన మూలధనము ఒక లక్ష రూపాయలు. డాక్టరు పట్టాపుచ్చుకొన్న ఆయన రోగుల నాడికన్న సీమ నాడినే బాగుగ పట్టిరనవచ్చును. కాటను ఆనకట్ట నీటిని మూటగట్టి యుంచుటకు కట్టినది కాదు. మట్టమును పెంచి కాలువలలోనికి మళ్లించుటకు కట్టినది. బ్యాంకు పనియు అట్టిదే.

ఆ ప్రవాహము కుదురుకొనకమునుపే 1929 తరువాతి ఆర్థికమాంద్యము విఱుచుకుపడెను. కొలది సంవత్సరములలో ధాన్యపు ధర దాదాపు సగమునకు దిగజాఱెను. శిస్తును ప్రామిసరీ నోటుపై వడ్డీయు మాత్రము రూపాయలలో నిలిచిపోయెను. రైతు బట్ట కొనుట మానెను, ఇల్లు కప్పించుట వాయిదావేసెను, అప్పిచ్చువాడు అప్పిచ్చుట మానెను. ఎవనిమట్టుకు వాడు చేసినది వివేకమే; అందఱు నొక్కసారిగ పిడికిలి బిగించుటచేత నేతగాని మగ్గమును, వడ్రంగి బాడిసెయు మూలబడి, వారు గింజ కొనలేక, రైతు ధర మఱింత క్రుంగెను. ఈ చిక్కునకు సిద్ధాంతరూపమిచ్చినవాడు, 1936లో, ఆ కీన్సే. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు స్వర్ణమానమును విడిచినంతట రూపాయలలో బంగారము ధర పెరిగెను. అంతదనుక తరతరములుగ బంగారమును దిగుమతి చేసికొనిన దేశము, దానిని ఓడలకెక్కించి పంపసాగెను. కంసాలి గురిగింజ తూకమున కరగిన కాసులపేరు, శిస్తుగను వడ్డీగను మాఱి ఇల్లు విడిచెను. కీన్సు 1913లో కోరినట్లు దాచిన బంగారము కదలెను. కదలినది మాత్రము పెట్టుబడికి కాదు, పాతబాకీలకు.

1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చేసిన రైతు ఋణవిమోచన చట్టము, 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని కొట్టివేసి, అసలునకు రెండింతలు చెల్లించినవానికి ఋణమే తీరినదనెను. రైతులకు ఊపిరి వచ్చెను; పల్లెలో అప్పిచ్చినచో తిరిగిరాదను భయము ధనికులకు పట్టెను.

బియ్యపు మరలనుండి చలనచిత్రములవఱకు వెళ్లిన డెల్టా ధనపు కథ ఈ కాలముననే చిక్కబడెను. చల్లపల్లి రాజావారి సారథి ఫిలింసు గూడవల్లి రామబ్రహ్మముగారిచేత 1938లో మాలపిల్లను, 1939లో రైతుబిడ్డను తీయించెను. ఈ రెండవది జమీందారీ దౌర్జన్యమును ఎత్తిచూపిన చిత్రము. అనగా, కౌలుగను కిస్తుగను రైతునొద్ద వసూలైన సొమ్ములో ఒక పాలు జమీందారునింట నిలువయై, తుదకు నటులకు, పాటలు కట్టినవారికి, సెట్టులు వేసిన వడ్రంగులకు కూలియై, జమీందారులనే దుయ్యబట్టు చిత్రముగ తెరకెక్కెను. తక్కిన జమీందారులు దానిపై కన్నెఱ్ఱజేసిరి. రైతులు మాత్రము టికెట్టు కొని చూచిరి.