ఓడ మీద పుట్టిన మాటలు

ఆ కట్టె కాస్త మంటలోకి తోసి ఇలా కూర్చోరా. అమ్మడూ, నువ్వూ రా. పొద్దుట్నుంచీ లాగిన్ అవట్లేదు, లాగిన్ అవట్లేదు అని ఒకటే గోల పెట్టావు కదా, ఆ లాగ్ అంటే ఏంటో తెలుసా? చెక్కముక్క!

తెరచాప ఓడల కాలంలో వేగం చూపే మీటర్లెక్కడివి? చెక్కముక్కకి సన్నతాడు కట్టి ఓడ వెనకనుంచి నీళ్లలో పడేసేవాళ్లు. చెక్క పడ్డచోటే తేలుతుంటుంది, ఓడ ముందుకి పోయేకొద్దీ తాడు జరజరా జారుతుంది. ఆ తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. ఒకడు 28 సెకన్ల ఇసుక గడియారం పట్టుకుంటే, ఇంకొకడు తన వేళ్ల సందునుంచి దాటే ముడులు లెక్కపెట్టేవాడు. ఆరు ముడులు దాటితే ఆరు నాట్లు. ఇప్పటికీ ఓడ వేగం నాట్లలోనే చెబుతాం. ఆ లెక్క రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది, ఆ పేరే కంప్యూటర్లోకీ ఎక్కింది. చలిలో తడితాడు పట్టుకుని వేళ్లు కొంకర్లు పోయినవాళ్లిచ్చిన మాటరా అది.

బిత్తరపోయినవాణ్ణి ఇంగ్లీషులో టేకెన్ అబ్యాక్ అంటారు. గాలి ఉన్నట్టుండి ఎదురుతిరిగి తెరచాపని వెనక్కి కొయ్యకేసి అదిమేస్తే ఓడ నడక ఆగిపోతుంది, ఒక్కోసారి కొయ్యలే విరుగుతాయి. మాట అక్కడిది. తాగి తూలేవాడు త్రీ షీట్స్ టు ద విండ్. షీట్ అంటే తెరచాప మూలని లాగి కట్టే తాడు. మూడూ ఊడి గాలికి కొట్టుకుంటే ఓడ కూడా అలాగే తూలుతుంది. గ్రాగీ కూడా ఆ బాపతే. 1740లో వెర్నన్ అనే అడ్మిరల్ నావికుల రమ్ములో నీళ్లు కలిపి పోయమన్నాడు. గ్రోగ్రామ్ అనే ముతకగుడ్డ కోటు వేసేవాడని ఆయన్ని ఓల్డ్ గ్రాగ్ అనేవాళ్లు, నీళ్ల రమ్ముకీ గ్రాగ్ అనే పేరే పడింది, అది తాగి తూలేవాడు గ్రాగీ.

నా మనసుకి పట్టిన మాట మాత్రం బిటర్ ఎండ్. ఆఖరికంటా పట్టు వదల్లేదు అనడానికి వాడతారు. లంగరు మోకుని చుట్టే గుంజల్ని బిట్స్ అంటారు, వాటి దగ్గరుండే కొస బిటర్ ఎండ్. అక్కడిదాకా వచ్చిందంటే ఇక వదలడానికి మోకు లేదు.

నేను విశాఖపట్నంలో ఓడెక్కిన కొత్తల్లో మా సరంగు నన్ను లంగరు గొలుసు ఉండే చైన్ లాకర్లోకి దింపాడు. లోపలంతా బురద కంపు. ఒంటిచేత్తో కదపలేని లింకులు, 27.5 మీటర్లకొక షాకిల్ లెక్కన గుట్టగా పడున్నాయి. మోకులు పోయి ఇనప గొలుసులొచ్చినా, ఓడకి బిగించిన ఆ చివరి లింకు వైపుని ఇప్పటికీ బిటర్ ఎండ్ అనే అంటారు. దాన్ని పట్టుంచేది ఒక్క పిన్ను. "తుపానులో లంగరు ఎత్తే వ్యవధి లేకపోతే, బయటినుంచి ఈ పిన్నుని సుత్తితో కొట్టి గొలుసు మొత్తం సముద్రానికి వదిలేస్తాం" అన్నాడు సరంగు. పైకొచ్చాక, కళ్లు మూసుకుని ఆ పిన్నుండే చోటు చేత్తో తడిమి చూపించేదాకా నన్ను కదలనివ్వలేదు.