ఆ పసుప్పచ్చ లైటు మన కోసం పెట్టింది కాదు

కాస్త పాతబడ్డ కారు నడిపేవాళ్ళు చాలామందికి తెలిసిన జబ్బు ఒకటుంది. ఔటర్ మీద శుభ్రంగా పరిగెడుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్ గేర్లో యాక్సిలరేటర్ నొక్కితే మాత్రం ఒక క్షణం ఆలోచించి గానీ కదలదు. షెడ్డుకి తీసుకెళితే స్కానర్ తగిలించి చూసి, "కోడ్ ఏమీ లేదు సార్, బండి బాగానే ఉంది" అంటారు. కోడ్ లేకపోతే జబ్బు లేనట్టేనా? దీనికి జవాబు మెకానిజంలో కన్నా చరిత్రలో ఎక్కువ దొరుకుతుంది.

ముందు కార్బరేటర్ సంగతి చూద్దాం. పెట్రోలుని గాలిలోకి తుంపరగా చిమ్మే కార్బరేటర్‌ని జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో తయారుచేశాడు. సూత్రం చాలా సింపుల్. ఇరుకు గొంతులోంచి పోయే గాలికి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఆ తేడాకి పెట్రోలు పైకొచ్చి గాలిలో కలుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, గాలి వేగం సగమైతే ఆ పీల్చే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే బండి నెమ్మదిగా పోతున్నప్పుడే కార్బరేటర్ అందరికన్నా బలహీనం అన్నమాట. పుట్టుకతో వచ్చిన బగ్ ఇది.

దాన్ని కప్పిపుచ్చడానికి తర్వాతి ఇంజనీర్లు ప్యాచ్ మీద ప్యాచ్ వేశారు. ఐడిల్‌కి వేరే జెట్. థ్రాటిల్ పలక అంచు దగ్గర సన్నటి రంధ్రాలు. పెడల్ గభాలున నొక్కితే గాలి వెంటనే వస్తుంది, పెట్రోలు వెనకబడుతుంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి పిచికారీ లాంటి చిన్న పంపు. ఈ ప్యాచ్‌లలో ఏది పాడైనా బయటికి కనిపించేది ఒకటే, పికప్ లేకపోవడం.

అంబాసిడర్, పద్మిని, తొలినాటి మారుతి 800 బాగుచేసిన మెకానిక్కులు దీన్ని ఎలా పట్టేవాళ్ళు? ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, థ్రాటిల్‌ని చేత్తో లాగి లోపలికి చూసేవాళ్ళు. పెట్రోలు సన్నటి ధారగా చిమ్మిందా, పంపు బాగున్నట్టే. లేదా, డయాఫ్రం పోయింది. ధార బాగుంటే పాయింట్ల గ్యాప్, టైమింగ్, వాక్యూమ్ గొట్టాలు. వాక్యూమ్ గేజ్ ఉన్నవాడైతే ఐడిల్‌లో ముల్లు 17-21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడిందో లేదో చూసేవాడు. లాగ్ ఫైలే లేని సిస్టమ్‌ని ఒక్కొక్క అనుమానం కొట్టేసుకుంటూ డీబగ్ చేయడం ఇది. చదువు లేదని మనం చిన్నచూపు చూసినవాళ్ళు రోజూ చేసిన పని!

ఇహ కంప్యూటర్ కథ. అది కార్లోకి వచ్చింది డ్రైవర్ సుఖం కోసం కాదు. 1943లో లాస్ ఏంజెలెస్‌ని కళ్ళు మండే పొగమంచు కమ్మేసింది. కార్లు, పరిశ్రమలు వదిలే వాయువులే ఎండలో కలిసి అలా మారుతున్నాయని 1950ల మొదట్లో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. 1970 నాటి అమెరికా చట్టం కాలుష్యాన్ని 90 శాతం తగ్గించమంది. క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. మూడు రకాల విషవాయువుల్నీ ఒకేసారి విరిచే కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే గాలి, పెట్రోలు 14.7:1 పాళ్ళలోనే ఉండాలి. మామూలు కార్బరేటర్ వల్ల అయ్యే పని కాదది. అందుకే ఆక్సిజన్ సెన్సర్, ఈసీయూ వచ్చాయి. ఆ తర్వాత 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది.

ఆ చెక్ ఇంజన్ లైటు ఎప్పుడు వెలగాలన్నది గమనించండి. సెన్సర్ వైరు తెగడం లాంటి లోపాలు సరే, మిగతా వాటికి ముఖ్యమైన కొలబద్ద పొగే. కాలుష్యం పరిమితికి ఒకటిన్నర రెట్లు దాటేలా ఉంటే లైటు వెలగాలి. పికప్ తగ్గితే వెలగాలని అందులో ఎక్కడా లేదు.

మన దగ్గరా అదే దారి. 1999లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఢిల్లీ ప్రాంతానికి 2000 ఏప్రిల్ నుంచి యూరో-2 వచ్చింది, కార్బరేటర్ కార్ల శకం ముగియడం మొదలైంది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో కలిపి 13 నగరాలకి బీఎస్-4, దానితోపాటే ఓబీడీ వచ్చాయి. మనకి దొరికింది పొగని కాపలా కాసే కంప్యూటర్. మనం దాన్ని డాక్టర్ అనుకున్నాం.

మా నాన్న 2014లో కొన్న కారుకీ ఈ జబ్బే వచ్చింది. కోడ్ లేదన్న చోటే "ఓ సెన్సర్ మార్చి చూద్దాం" అన్నారు, ఏ సెన్సరో ఎందుకో చెప్పలేదు. ఇంటి దగ్గర పాతకాలం మెకానిక్ ఒకాయన మాత్రం, "ఏ గేర్లో? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?" అని అడిగి, థ్రాటిల్ బాడీ విప్పి చూపించాడు. పలక అంచు చుట్టూ నల్లటి మసి పేరుకుపోయి ఉంది. పెడల్ కొంచెమే నొక్కినప్పుడు గాలి పోయేది ఆ సన్నటి సందులోంచే, దాన్ని మసి మూసేసింది. పూర్తిగా నొక్కితే దారి పెద్దది కాబట్టి తేడా తెలియదు. ఐడిల్‌లో ఇంజన్ ఆగిపోకుండా ఈసీయూ తనే సర్దుకుపోతూ వచ్చింది, కాబట్టి కోడూ లేదు. కడిగి బిగించాడు, జబ్బు పోయింది.

అందరి కార్లకీ మసే కారణం అనను. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు పంపు ప్రెషర్, జామ్ అయిన బ్రేకు... ఏదైనా కావచ్చు. పైగా ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పలకని వేలితో తోయకండి, పాడవుతుంది. నేను చెప్పేదల్లా ఒకటే. డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉన్నా యూజర్ "స్లోగా ఉంది" అని మొత్తుకోవడం మన ఆఫీసుల్లో రోజూ చూస్తాం. ఆ అలర్ట్ ఎవరు, దేనికోసం రాశారో చూడకుండా యూజర్‌దే తప్పంటే ఊరుకుంటామా?

ఈసారి షెడ్డులో "కోడ్ లేదు సార్" అంటే, ఏ స్పీడులో, ఏ గేర్లో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడి మీదా అన్నది కాగితం మీద రాసివ్వండి. దాన్ని చదివి ఎదురు ప్రశ్న వేసేవాడే మీ మెకానిక్.