ఉప్పునీటి, మంచినీటి చట్టపరమైన సరిహద్దు

నది లేదా ఏరు సముద్రంలో కలిసే చోట సముద్ర చట్టాలు ఎంతవరకు, లోతట్టు జలాల చట్టాలు ఎక్కడినుండి వర్తిస్తాయో తెలిపే గీతను ఉప్పునీటి, మంచినీటి చట్టపరమైన సరిహద్దు అంటారు. వేట లైసెన్సు, నిషేధకాలం, చెరువుల అనుమతి వంటివి దీనిపై ఆధారపడి ఉంటాయి. ప్రకృతిలో ఈ గీత స్థిరము కాదు. వరదలలో మంచినీరు సముద్రం వైపు జరుగుతుంది, వేసవిలో పోటుతో ఉప్పునీరు ఎగువకు పాకుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం తన జలాలను తీర, లోతట్టు, ఉమ్మడి జలాలని మూడుగా విభజించింది.

భారతదేశంలో

రాజ్యాంగం 7వ షెడ్యూలు ప్రకారం ప్రాదేశిక జలాలకు ఆవలి వేట కేంద్రం పరిధిలోను (కేంద్ర జాబితా, 57వ అంశం), మిగిలిన మత్స్య పరిశ్రమ రాష్ట్రాల పరిధిలోను (రాష్ట్ర జాబితా, 21వ అంశం) ఉన్నాయి. నదులలో పోటు ప్రభావం ఎంతవరకు ఉన్నదో నిర్ణయించడానికి 2011 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఒక కొలత నిచ్చింది. ఏడాదిలో అత్యంత పొడి కాలంలో కొలిచినపుడు వెయ్యి భాగాల నీటిలో 5 భాగాల లవణమున్న చోటు ఆ హద్దు. సముద్రపు నీటిలో ఇది సగటున 35 భాగాలు. అయితే ఇది నిర్మాణాలను నియంత్రించే హద్దే గాని, వేటకై గీసినది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో

సముద్రపు వేటకు 1994 నాటి సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం వర్తిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషిద్ధం. పులస చేప వరదకాలంలో సముద్రం నుండి గోదావరికి ఎదురీదుతుంది. చేప ఒక్కటే అయినా దారిలో చట్టం మారుతుంది. కొల్లేరు మంచినీటి సరస్సే అయినా, నీటిమట్టం తగ్గినపుడు ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు వస్తుంది.

రొయ్యల చెరువుల విషయంలో ఈ హద్దు వివాదాస్పదము. ఉప్పునీరు ఊరి పక్కనున్న వరిచేలు, త్రాగునీటి బావులు చవుడు బారతాయని రైతుల ఫిర్యాదు. 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పునిచ్చింది. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం ఉప్పునీటి, ఉప్పు కలిసిన నీటి పెంపకానికే వర్తిస్తుంది. మంచినీటి పెంపకం దాని పరిధిలో లేదు. కాని వనామి రొయ్య తక్కువ లవణంలోనూ పెరుగుతుంది. అందుచేత చెరువు ఏ కోవకు చెందునో తేల్చడం కష్టమవుతున్నది.

తెలంగాణలో

2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణకు సముద్రతీరం లేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల సమీపాన గల సరూర్‌నగర్ చెరువు (1626) వంటివన్నీ మంచినీటి వనరులే. కావున ఈ సరిహద్దు ఇక్కడ ఉత్పన్నం కాదు, సముద్రపు వేట నిషేధం వర్తించదు.

ఇవి కూడా చూడండి

* కొల్లేరు సరస్సు
* పులికాట్ సరస్సు
* పులస