మారేడుమిల్లి అడవికి వచ్చేవారికి

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం దాటి వస్తే మారేడుమిల్లి. ఇక్కడి నుంచి చింతూరు దాకా ఘాట్ రోడ్డంతా అడవే. ఎండ తగిలే వాలుల్లో వేసవికి ఆకు రాల్చే చెట్లు, వాగుల వెంట తేమ ఆరని లోయల్లో ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్లు. వచ్చినవాళ్లు జలతరంగిణి, అమృతధార జలపాతాలు చూస్తారు, బొంగు చికెన్ తింటారు. ఈ ఊరివాణ్ణిగా నేను వాళ్లకు ఒక చెట్టును కూడా చూపిస్తుంటాను.

అది జీలుగు. చేపతోకలా చీలిన ఆకులు. పూగెలలు పైనుంచి మొదలై ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి. అట్టడుగు గెల పండాక చెట్టు చచ్చిపోతుంది. గెల కొస కోసి, కుండ కట్టి ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లు కల్లు దింపుతారు. తిండి కరువైనప్పుడు మొద్దులోని గుజ్జు దంచి, పిండి తీసి అంబలి కాచుకునేవారు.

1879 మార్చిలో రంప తిరుగుబాటు రగలడానికి ఈ కల్లే ముఖ్య కారణం. రంపను ఏలే మన్సబుదారు అప్పటికే కల్లు మీద చిగురుపన్ను పిండుతున్నాడు. ఆపైన బ్రిటిష్ ప్రభుత్వం ఇంటి వాడకానికి కల్లు తీయడాన్నీ నిషేధించి, ఆ హక్కును గుత్తదారుల చేతిలో పెట్టింది. కారం తమ్మన్నదొర వంటివారి వెనక మన్యం తిరగబడింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి నరికి, కాల్చి చేసే పోడు సాగుకూ అడ్డంకులు మొదలయ్యాయి. ఆ కడుపుమంటకు రోడ్ల పనుల్లో వెట్టి తోడై, 1922లో జనం అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు.

మా కొండలకు ఆనుకుని గోదావరి వైపున్న అడవి 1978లో అభయారణ్యమైంది, 2008లో పాపికొండ జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, అడవిదున్న, కొమ్మ మీంచి కొమ్మకు దూకే బెట్టుడుత, వీటన్నిటికీ ఆ రక్షణ కావాల్సిందే. అయితే తరతరాలుగా అడవిలో బతికినవారి హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. ఆ హక్కూ అంతే గట్టిగా నిలవాలి. అడవిని వాళ్ల నుంచి లాక్కుని కాపాడాలని చూసిన ప్రతిసారీ ఇక్కడ నెత్తురే పారింది.

అందుకే వచ్చేవారికి నా మనవి. వాగులో సీసాలు, ప్లాస్టిక్ పారేయకండి. అడవిలో నడిచేటప్పుడు ఇక్కడి మనిషిని వెంట తీసుకెళ్లండి, ఆయన కష్టానికి తగినంత ఇవ్వండి. ఏ చెట్టు దేనికి పనికొస్తుందో, ఏ కాయ ఎప్పుడు పండుతుందో ఆయన చెబుతాడు. ఓపిగ్గా వినండి. ఈ అడవిని ఇన్నాళ్లూ నిలబెట్టింది ఆ తెలివే.