లష్కర్ తొట్టెల

భుజం మీది డోలీ దించితే మరొకటి ఎత్తాలి. 1813లో ఉజ్జయినిలో సురిటి అప్పయ్య పని అదే. హైదరాబాదు నుంచి వెళ్లిన పటాలంలో డోలీ మోసేవాడు. అక్కడుండగా ఇంటి దిక్కు నుంచి కబురొచ్చింది. గత్తర తగిలింది, జనం పిట్టల్లా రాలిపోతున్నారని.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టిందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. సికింద్రాబాదు మహంకాళి గుడి చెప్పే కథ క్లుప్తంగానే ఉంటుంది. తోటివాళ్లతో కలిసి ఉజ్జయినిలోని మహంకాళి గుడికి వెళ్లాడు. మా ఊళ్లో గత్తర తగ్గితే నిన్ను అక్కడ నిలుపుకుంటాం తల్లీ అని మొక్కాడు. 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం నిలిపాడు. రాతి విగ్రహం 1864లో వచ్చింది.

గత్తర అంటే కలరా. వైద్య చరిత్ర తిరగేస్తే, బెంగాల్లో పుట్టిన కలరా దేశం మీద పడటం 1817 నుంచి మొదలవుతుంది. గుడి కథ నాలుగేళ్లు ముందుంది. ఊరిని ఊడ్చే జబ్బు ఏదైనా గత్తరే అయిన కాలమేమో మరి. నాకు మాత్రం ఇంకో ఏడాది మీద కన్నుంది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలిసిన బ్రిటిష్ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టింది 1806లో. అప్పయ్య తిరిగొచ్చేనాటికి సికింద్రాబాదుకు తొమ్మిదేళ్లు. ఎక్కడెక్కడి సిపాయిలో, వాళ్లకు సరుకులమ్మేవాళ్లో, మోతగాళ్లో చేరిన చోటు. ఒకే పొలిమేర దేవతకు మొక్కి పెరిగినవాళ్లు కారు. అందుకేనేమో వీళ్ల తల్లి కూడా వాళ్లలాగే ఎక్కడి నుంచో వచ్చింది. లష్కర్ అంటే దండు. ఇప్పటికీ జనం నోట ఈ గుడి బోనాలు లష్కర్ బోనాలే. స్టేషన్ వెనక బోయిగూడ బోర్డు చూసినప్పుడల్లా నాకు అప్పయ్య భుజమే గుర్తొస్తుంది. బోయీలంటే పల్లకీలు మోసేవాళ్లు గదా.

జబ్బు పోవాలని మొక్కితే పుట్టిన పండుగను 2020లో మరో జబ్బు గుళ్లోకి నెట్టేసింది. కరోనా ఏడాది భక్తులు లేకుండానే బోనం ఎత్తారు. జనాన్ని ఇళ్లలోనే ఉండమన్నారు. నైవేద్యం ఇంట్లోనూ వండొచ్చు. అమ్మవారికి కట్టి మోసుకెళ్లే కాగితపు తొట్టెల అలా కాదు, దానికి గల్లీ కావాలి.

ఎందుకో చెప్పాలంటే బోనాలకు ముందటి శనివారం రాత్రిని ఒక గల్లీలో నిలబెట్టి చూడాలి. ఈ గల్లీ నా ఊహే. ఇలాంటివి సికింద్రాబాదులో ఎన్నో ఉంటాయి.

ఆషాఢపు తుంపర. అరుగుల మధ్య పరదా కట్టారు. చీల్చిన వెదురు బద్దలతో చట్టం లేస్తోంది, కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం. పక్కన రంగు కాగితాల కుప్ప. పేరులో ఉయ్యాల ఉన్నా చూపుకు గోపురంలా ఉంటుంది.

“లై పల్చగైంది వదినా, కాయితం జారుతుంది.”

“ఇంకింత మైదా ఎయ్యి. జర ఆరనియ్యి, తొందరేంది?”

“అన్నా, మీ పిలగాణ్ణి పంపు. బద్ద వట్టెటందుకు మనిషి లేడు.”

ఒకడు బద్ద వంచి పట్టుకుంటే తప్ప ఇంకొకడు సుతిలి బిగించలేడు. మొదటివాడు వదిలేస్తే పనంతా మళ్లీ మొదటికి. నల్లా దగ్గర వారం కింద మాట పెరిగిన రెండిళ్ల మొగవాళ్లు ఇప్పుడు చెరో కొస పట్టుకున్నారు. మాట్లాడుకోవట్లేదు. “ఆఁ”, “ఇటు”, “వదలకు” అనే అంటున్నారు. చాలు, తొట్టెలకు అంతకంటే మాటలక్కర్లేదు. ఆడవాళ్లు కుచ్చులు కత్తిరిస్తుంటే ఒక పెద్దవ్వ మంచంలోంచే రంగు మార్చమంటోంది. పసుపు పక్కన ఎరుపు లేకుంటే అదేం తొట్టెలని ఆమె గొణుగుడు.

2016లో రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్. మఖ్తాలో చిత్రకారులొచ్చి ఇళ్ల గోడల నిండా బొమ్మలేశారు. బాగున్నాయి. పత్రికలు రాశాయి కూడా. తొట్టెలను కళ అని ఎవరూ రాయరు. దాని మీద సంతకం ఉండదు, అది ఒక వాన గట్టిగా పడితే మిగలదు. అయినా మరుసటి ఆషాఢానికి మళ్లీ కడతారు. తెలంగాణ వచ్చాక, 2014లో, బోనాలు రాష్ట్ర పండుగయ్యాయి. ప్రభుత్వం ఏర్పాట్లు చూడొచ్చు, కాగితం అంటించే వేళ్లు మాత్రం గల్లీవే.

ఆదివారం పొద్దు వాలాక డప్పు మొదలైంది. ఒళ్లంతా పసుపు పూసుకున్న పోతరాజు ముందు కొరడా ఝళిపిస్తుంటే, వెనక ఫలహారం బండి, దాని వెనక తొట్టెల. మర్నాడు పచ్చికుండ మీద నిలబడి అమ్మ పలికే రంగం ఉంది. అది రేపటి మాట. ఇప్పటి గండం గల్లీ చివర వేలాడే కరెంటు తీగ. తొట్టెల తల దానికంటే జానెడు ఎత్తు.

“ఆపున్రి!”

డప్పు ఆగింది. తీగ జోలికి పోవద్దని ఎవరో అరిచారు. నల్లా దగ్గర కొట్లాడుకున్న ఇద్దరూ తొట్టెల కింద చెరో పక్క చేరి మోకాళ్లు వంచారు.

“మెల్లగ... ఇంకింత వంచు అన్నా. ఆఁ, వంచున్రి, వంచున్రి!”