క్లబ్బు చేతులెత్తేస్తే మీ బిల్లు సంగతేంటి? బకాయిల వరుసలో మీ చోటెక్కడ?

‘ఐపీ పెట్టాడట’. కృష్ణా డెల్టాలో ఈ మాటకు అర్థం ఎవరికీ చెప్పక్కర్లేదు. గుడివాడలో ధాన్యం వ్యాపారి అయినా, దివిసీమలో చెరువు కౌలుకు తీసుకున్న రైతు అయినా, అప్పులు తీర్చలేనంటూ కోర్టులో ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ వేస్తే ఊళ్లో వినిపించేది ఇదే. మరి ఆ పరిస్థితి ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు వస్తే? జెర్సీ వేసుకున్న ఆటగాళ్ల సంగతి టీవీల్లో వస్తుంది. వాళ్లకు భోజనం పెట్టినవాళ్లు, బస్సు నడిపినవాళ్ల సంగతి రాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. పెద్ద నగరం నుంచి వచ్చిన ఓ క్లబ్బు గుడివాడ ఎన్టీఆర్ స్టేడియంలో కుర్రాళ్లకు పది రోజుల శిక్షణ శిబిరం పెట్టింది. క్యాటరింగ్ మీది. బస్సు మచిలీపట్నం ట్రావెల్స్‌ది. అవనిగడ్డ నుంచి వచ్చిన కోచ్‌కు రోజువారీ లెక్కన ఇస్తామన్నారు. మీ బిల్లు రూ.3.80 లక్షలు. అడ్వాన్సు రూ.50 వేలు పోను మిగతాది ‘వచ్చే నెల’. ఆ వచ్చే నెల రాలేదు. ఫోన్ ఎత్తడం మానేశారు. ఇప్పుడేం చేయాలి?

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

ఇదంతా ఊహ అని కొట్టిపారేయకండి. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, ఆ చోటులోకి వచ్చిన జట్టే హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న గోవా ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బకాయిలు తీర్చనందుకు కొత్తవాళ్లను చేర్చుకోకుండా నిషేధం పడింది. 2023-24 సీజన్లో 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున నిలిచింది. 2024లో క్లబ్బు బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెండాలు ఊపినవాళ్లకు మిగిలింది జ్ఞాపకమే.

ఇది ఒక్క జట్టు కథ కాదు. ఐఎస్ఎల్ హక్కుల ఒప్పందం తేలక 2025 జులైలో సీజన్ ఆగినప్పుడు, బెంగళూరు ఎఫ్‌సీ ఆగస్టులో ఆటగాళ్లు, సిబ్బంది జీతాలు నిరవధికంగా నిలిపేస్తున్నట్టు స్వయంగా ప్రకటించింది.

ఆటగాడికి ఫిఫా ఉంది, మీకు లేదు

రెండు నెలల జీతం అన్యాయంగా ఆపితే, 15 రోజుల నోటీసిచ్చి ఆటగాడు ఒప్పందం తెంచుకోవచ్చని ఫిఫా నిబంధన. తర్వాత ఫుట్‌బాల్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అక్కడ గెలిచినా క్లబ్బు కట్టకపోతే, వరుసగా మూడు రిజిస్ట్రేషన్ విడతల వరకు కొత్త ఆటగాళ్లు రాకుండా నిషేధం పడుతుంది. జట్టు కట్టలేని క్లబ్బుకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు కాబట్టి, డబ్బు దొరికిన రోజు ముందు ఆ అప్పే తీరుస్తారు. క్యాటరింగ్ బిల్లుకు అలాంటి పట్టు లేదు.

ఇంగ్లండ్‌లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దివాలా తీసిన క్లబ్బు లీగ్‌లో కొనసాగాలంటే ఆటగాళ్లకు, ఇతర క్లబ్బులకు ఉన్న బాకీలు పూర్తిగా తీర్చాలన్నది అక్కడి నిబంధన. 2010 ఫిబ్రవరిలో పోర్ట్స్‌మౌత్ చేతులెత్తేసింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ స్థితికి వచ్చిన మొదటి జట్టు అదే. ‘ఫుట్‌బాల్ బాకీలు’ పూర్తిగా కట్టాలన్నారు. తాకట్టు లేని మిగతా అప్పులవాళ్లకు పౌండుకు 20 పెన్నీలు, అదీ విడతలవారీగా ఇస్తామన్నారు. మైదానంలో ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లు కూడా ఆ రెండో గుంపులోనే ఉన్నారు! అక్కడి పన్నుల శాఖ ఈ నిబంధన మీద హైకోర్టుకెళ్లి 2012లో ఓడిపోయింది.

క్లబ్బును అమ్మితే ఏమొస్తుంది?

రైస్ మిల్లు మునిగితే స్థలం ఉంటుంది, గోడౌన్ ఉంటుంది, యంత్రాలుంటాయి. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బుకు చాలాసార్లు స్టేడియం కూడా అద్దెదే. అసలు విలువంతా లీగ్‌లో ఆడే హక్కులో ఉంటుంది. ఆ హక్కు లీగ్ ఇచ్చింది, షరతు తప్పితే లీగే వెనక్కి తీసుకుంటుంది.

క్రికెట్‌లో మనం దీన్ని చూశాం. 2009 ఐపీఎల్ విజేత డెక్కన్ ఛార్జర్స్ యజమాని డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో జట్టును వేలానికి పెడితే పీవీపీ వెంచర్స్ రూ.900 కోట్లకు ఒకే ఒక్క బిడ్ వేసింది. యాజమాన్యం వద్దంది. ఆ వెంటనే బీసీసీఐ ఫ్రాంచైజీనే రద్దు చేసింది. హైదరాబాద్ జట్టు హక్కు వచ్చే నెలలో ఏడాదికి రూ.85.05 కోట్ల లెక్కన సన్ టీవీకి వెళ్లింది. అమ్ముకోవాల్సిన వస్తువే పాత కంపెనీ చేతిలోంచి జారిపోయింది. కంపెనీపై కెనరా బ్యాంకు వేసిన దివాలా పిటిషన్‌ను హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ 2017లో విచారణకు తీసుకుంది.

దివాలా ట్రిబ్యునల్ వరుసలో మీ నంబరు

క్లబ్బు కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటే దివాలా స్మృతి, అంటే 2016 నాటి ఐబీసీ వర్తిస్తుంది. సరకు, సేవ అందించిన మీరు దాని భాషలో ‘ఆపరేషనల్ క్రెడిటర్’. డిమాండ్ నోటీసిచ్చి పది రోజులు చూసి ఎన్‌సీఎల్‌టీకి వెళ్లొచ్చు. అయితే 2020 మార్చి నుంచి బాకీ కనీసం రూ.కోటి ఉండాలి. మీ రూ.3.30 లక్షలకు ఆ తలుపు తెరుచుకోదు. పైగా ‘భోజనం బాగాలేదని అప్పుడే మెయిల్ పెట్టాం’ అని క్లబ్బు పాత తగాదా చూపిస్తే కోటి దాటిన పిటిషన్ కూడా నిలవదు.

ఏదో బ్యాంకు పిటిషన్ వేసి కేసు నడుస్తుంటే మాత్రం మీరూ చేరొచ్చు. పత్రికల్లో ప్రకటన వస్తుంది, దివాలా బోర్డు వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. ఫారం-బిలో బిల్లులు జతచేసి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు పంపాలి. రుసుము లేదు. గడువు మామూలుగా 14 రోజులు. దాటితే కారణం చెప్పి 90 రోజుల వరకు ఇవ్వొచ్చు. జీతం రావాల్సిన ఉద్యోగులకు ఫారం-డి.

పంపారు సరే, వస్తుందా? కంపెనీని మూసేసి అమ్మితే ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత తాకట్టు ఉన్న బ్యాంకులు, కార్మికుల 24 నెలల బకాయి సమానంగా. తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతం. ఆ తర్వాత తాకట్టు లేని అప్పులిచ్చినవాళ్లు, ఆపైన ప్రభుత్వ పన్నులు. వీళ్లందరి వెనక మీరు. మీ వెనక ఉండేది వాటాదారులే. నిర్ణయాలు తీసుకునే రుణదాతల కమిటీలోనూ మీకు ఓటుండదు. క్లెయిమ్ వేయండి, దాని మీదే ఆశ పెట్టుకుని మాత్రం కూర్చోకండి.

మరి పనికొచ్చే దారులు?

ముందు ఎదుటివాళ్లు ఎవరో తేల్చుకోండి. బిల్లు మీద ఉన్న పేరు చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ ఉంటే కంపెనీ. మన ఊళ్లలోని క్లబ్బులు, క్రీడా సంఘాలు చాలావరకు సొసైటీలు. వాటి మీద ఎన్‌సీఎల్‌టీకి వెళ్లడం కాదు, సివిల్ కోర్టులో దావా వేయాలి. కార్యదర్శి నోటిమాటతో ఆర్డరిచ్చి ఉంటే, ‘అది ఆయన సొంత వ్యవహారం’ అని సంఘం తప్పుకునే ప్రమాదముంది. లెటర్‌హెడ్ మీద ఆర్డర్ అడగడానికి మొహమాటపడకండి.

మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? సరఫరాకు ముందే ఉంటే చిక్కు లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు రాజీకి, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు తీసుకుంటుంది. తీర్పు నచ్చక కోర్టుకెళ్లాలంటే ఎదుటివాళ్లు 75 శాతం డిపాజిట్ చేయాలి. నా లెక్కలో చిన్న వ్యాపారికి ఉన్న అన్నిటికంటే గట్టి ఆయుధం ఇదే, వాడేవాళ్లే తక్కువ.

చెక్కు ఇచ్చి ఉంటే, అది తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, 15 రోజులు ఎదురుచూపు, ఆపైన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. కంపెనీ దివాలా విచారణలోకి వెళ్తే దాని మీద ఈ కేసు ఆగుతుంది కానీ, సంతకం పెట్టిన డైరెక్టర్ల మీద నడుస్తుందని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవేవీ లేకపోతే మూడేళ్లలోపు సివిల్ దావా. ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయిస్తే గడువు మళ్లీ మొదలవుతుందని డెల్టాలో అందరికీ తెలుసు. బిల్లుకూ అదే సూత్రం. గడువు ముగిసేలోగా కొంత కట్టి రాతపూర్వకంగా ఒప్పుకున్నా, ‘మీకింత ఇవ్వాలి’ అని సంతకంతో ఉత్తరం ఇచ్చినా కొత్తగా మూడేళ్లు వస్తాయి.

సంఘం పెద్ద తన పేరుతోనే అప్పు చేసి, చివరికి ఐపీ పెడితే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే ఇప్పటికీ దిక్కు. రుణదాతగా మీకు కోర్టు నోటీసు వస్తుంది. ‘ఇక పోయిన డబ్బేలే’ అని చాలామంది పక్కన పడేస్తారు. ఆ పని చేయకండి. వాయిదాకు వెళ్లి బాకీ నిరూపించుకోండి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఆస్తిని బంధువుల పేరుకు ఉత్తుత్తిగా రాసేసి ఉంటే దాన్ని రద్దు చేయించే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఆ సంగతి కోర్టు దృష్టికి తేవాల్సింది మీలాంటివాళ్లే.

దావా ఖర్చు భారమనుకుంటే మచిలీపట్నంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టి ఎదుటివాళ్లను పిలిపిస్తారు. ఫీజు లేదు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలుండదు. గుడివాడ, అవనిగడ్డ వాళ్లు దగ్గరలోని కోర్టు ప్రాంగణంలో న్యాయసేవా కమిటీని అడగొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు ఆర్డర్ కాగితం, బిల్లులు, అడ్వాన్సు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ‘వచ్చే నెల ఇస్తాం’ అన్న వాట్సాప్ మెసేజ్‌ల ప్రింటు తీసుకెళ్లండి. ఆ మెసేజ్‌లున్న ఫోన్ మాత్రం మార్చేయకండి.