రొయ్యల చావు - ఒక డీబగ్గింగ్ కథ

2009లో చైనా, మరుసటేడు వియత్నాం. చెరువులో పిల్ల వేసి నెల తిరక్కుండానే రొయ్యలు గుంపులుగా చచ్చేవి. కోసి చూస్తే కాలేయం లాంటి జీర్ణగ్రంథి పాడైపోయి ఉండేది, కానీ మొదటి దశలో అందులో ఏ క్రిమీ దొరికేది కాదు. దాంతో వియత్నాంలో అనుమానం పురుగుమందుల మీదకి పోయింది. పోదూ మరి!

2013లో అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీలో డోనాల్డ్ లైట్నర్ బృందం గుట్టు విప్పింది. విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియా రొయ్య పొట్టలో కూర్చుని విషం వదుల్తోంది, ఆ విషం గ్రంథిని తినేస్తోంది. ఎర్రర్ ఒక మాడ్యూల్లో, బగ్ ఇంకో మాడ్యూల్లో అన్నమాట. పైగా గడ్డకట్టించిన రొయ్యల నుంచి జబ్బు అంటదు. అంటే శాంపిల్ ఫ్రీజర్‌లో పెడితే బగ్ రీప్రొడ్యూస్ కాదు!

ఇంకో తిరకాసు. అదే పేరున్న బాక్టీరియా సముద్రపు నీళ్ళలో మామూలే. విషపు జన్యువులు ఉన్నది ఒక ప్లాస్మిడ్ మీదని 2015లో తేలింది. అది ఉన్న రకమే రొయ్యని చంపుతుంది.